ఆర్విల్ పేరు మీది ఫోను

ఫోనులోకి వచ్చింది ఫోనులోనే ఆగిందో, పక్కనున్న లాప్‌టాప్‌లోకి పోయిందో ఫోను కంపెనీవాళ్లకెలా తెలిసింది? ఇన్నేళ్లయినా నాకిది అంతుపట్టలేదు. తెలిసినవాళ్లను అడిగాను. ఒకరు ఒక రకంగా చెప్పారు, ఇంకొకరు ఇంకో రకంగా చెప్పారు. వింటున్నంతసేపూ సబబుగానే ఉండేది. ఇంటికొచ్చి కూచున్నాక మళ్లీ మొదటికొచ్చేది. ఊటలోంచి నీళ్లు పట్టుకుపోయినవాడు వాటిని చెంబుతో తాగాడో, దోసిలితో తాగాడో ఊటకెలా తెలుస్తుంది?

డెల్ఫా కోంబ్స్ మాత్రం ఈ ప్రశ్న ఎవరినీ అడగలేదు. అడగాల్సిన పనే లేదనేది.

"చూస్తున్నారు. అంతే. ఈ కొండల్లో మనల్ని ఎప్పుడు చూడలేదు గనక?"

కెంటకీ తూర్పు కొండల్లో క్రేన్ వాగు లోయ ఆమెది. ఎండ ఆలస్యంగా దిగి, తొందరగా వెళ్లిపోయే చోటు. పెద్ద రోడ్డుదాకా వచ్చిన కేబుల్ తీగ అక్కడే ఆగిపోయింది. లోపలున్న నాలుగిళ్ల కోసం స్తంభాలు పాతడం గిట్టుబాటు కాదన్నారు. ఫోను సిగ్నలు ఇళ్ల దగ్గర అందదు. అందేది ఒక్కచోటే. మిట్ట మీద, కోంబ్స్ వాళ్ల సమాధుల దగ్గర.

డెల్ఫా పని టైపు చేయడం. ఎక్కడెక్కడి ఆసుపత్రుల్లోనో డాక్టర్లు రోగుల సంగతులు మైకులో చెప్పి వదిలేస్తారు. ఆ గొంతులు ఆమె లాప్‌టాప్‌లోకి దిగుతాయి. చెవులకు తగిలించుకుని విని, అక్షరాల్లో పెట్టి తిరిగి పంపుతుంది. అందుకని పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, పోయిన మొగుడి పాత ట్రక్కు నడుపుకుంటూ మిట్ట ఎక్కేది. సమాధులకెదురుగా ఆపి, ఫోను ముందుటద్దం దగ్గర నిలబెట్టి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకునేది.

ఎదురుగా ఆర్విల్ రాయి. ఆ పక్క రాయి కాదు, అదే రాయి మీద పక్కనే, డెల్ఫా పేరు కూడా. అక్కడ మొగుడు ముందు పోతే పెళ్లాం పేరు కూడా అప్పుడే చెక్కించేస్తారు. పుట్టిన ఏడు, ఒక అడ్డగీత, ఆ తరవాత నునుపైన ఖాళీ. మొదట్లో ఆ ఖాళీ కేసి చూడటానికి ఆమెకు ఒళ్లు జలదరించేది. పోనుపోను అలవాటైపోయింది. తన చోటు తనకుందన్న ధీమాలాగా ఉండేది. పిల్లల్లేని మనిషి. ఆ లోయ దాటి బతకాలని గానీ, బతకగలనని గానీ ఎప్పుడూ అనుకోలేదు.

రాళ్ల వెనక, లోయ అవతల, బోడికొండ. దాని మీద టవరు. టవరు నెత్తిన ఎర్ర దీపం, మంచు పట్టిన పగళ్లలో కూడా ఆరుతూ వెలుగుతూ ఉండేది.

ఆ కొండ ఒకప్పుడు కోంబ్స్ వాళ్లదే. ఆర్విల్ తాత కాలంలో ఎవరో గుర్రమెక్కి వచ్చాడట. మర్యాదస్తుడు. వాకిట్లో కూచుని మజ్జిగ తాగాడు, పిల్లలకు పిప్పరమెంట్లు పంచాడు. "నేలంతా మీదే. దున్నుకోండి, మేపుకోండి. కింద బొగ్గేదైనా ఉంటే అది మాకు" అన్నాడు. చదువురాని తాత, కాగితం మీద సంతకానికి బదులు అడ్డగీతా నిలువుగీతా గీసి ఇచ్చాడు. మనవల కాలానికి యంత్రాలొచ్చాయి. కిందది తియ్యాలంటే పైది తియ్యక తప్పదన్నారు. కొండ నెత్తి కొట్టేశారు. బొగ్గంతా అయిపోయాక చదునైన ఆ బోడి మీద టవరు లేచింది.

ఫోను ఆర్విల్ కొన్నది. కంపెనీలు గిరాకీ కోసం వెంటబడుతున్న రోజుల్లో, నెలకింత కడితే ఎంత వాడుకున్నా అడగం అన్నారు. తరవాత ఆ పద్ధతి తీసేశారు. కొత్తవాళ్లకు కొలిచి పోయడం మొదలుపెట్టారు. పాతవాళ్లకు మాత్రం ఉన్నది ఉన్నట్టే. పేరు మారనంతవరకూ, ఒప్పందం కదపనంతవరకూ.

అయితే అందులో ఒక మెలిక. ఎంత వాడుకున్నా అడగం అన్నది ఫోను తెర మీదికే. అదే ఫోనుకు లాప్‌టాప్ తగిలిస్తే నెలనెలా వేరే రుసుము. డెల్ఫా ఆ రుసుము కట్టడానికి వెనకాడే మనిషి కాదు. కానీ అది కట్టాలంటే ముందు పాత ఒప్పందం వదులుకుని, కొలిచి పోసేదానికి మారాలి. ఆ కొలత ఆమె డాక్టర్ల గొంతులకు వారం కూడా రాదు.

ఆర్విల్ బతికుండగానే దీనికో కిటుకు కనిపెట్టాడు. ఏదో చిన్న ప్రోగ్రాము ఫోనులో వేశాడు. లాప్‌టాప్ తగిలించినా తగిలించనట్టే ఉంటుందన్నాడు.

"తప్పేమో," అంది డెల్ఫా అప్పట్లో.

"నీళ్లకు డబ్బు కట్టానా లేదా? నా నీళ్లు నేను సొరకాయ బుర్రతో తాగితే వాడికేంటి, టోపీతో తాగితే వాడికేంటి?" అని నవ్వి, నవ్వు దగ్గులోకి మళ్లి, వంగిపోయి కూచున్నాడు. గనుల్లో పనిచేసిన ఊపిరితిత్తులు. ఆ చలికాలం దాటలేదు.

ఆయన పోయిన సంగతి చర్చి సంఘానికి చెప్పింది, బ్యాంకుకు చెప్పింది, పింఛనువాళ్లకు చెప్పింది. ఫోనువాళ్లకు చెప్పలేదు. అబద్ధమాడలేదు. వాళ్లు అడగలేదు. బిల్లు ఆర్విల్ కోంబ్స్ గారి పేరున వచ్చేది, డెల్ఫా కట్టేది. అలాగే జరిగిపోయేది, సమాధుల అలంకారం రోజు రాకపోతే.

ఏటా మే నెలాఖరున, పొట్ట చేతబట్టుకుని ఒహాయో, ఇండియానా పోయినవాళ్లంతా పెద్దల సమాధులు శుభ్రం చెయ్యడానికి మిట్ట ఎక్కుతారు. గడ్డి కోస్తారు, పూలు పెడతారు, ప్రార్థన చేస్తారు, అక్కడే బల్లలు పరిచి తింటారు. ఆ ఏడు డెల్ఫా ఎండు యాపిళ్లతో పొరల కేకు చేసింది. మరిది హోబర్ట్ ప్రార్థన చెప్పాడు. ఆర్విల్‌కు తమ్ముడు, సంఘానికి పెద్ద, వాగు మొగ దగ్గర ఇల్లు. గొంతు మాత్రం అచ్చు అన్నదే. కళ్లు మూసుకుని వింటే డెల్ఫాకు గుండె ఒక్కసారి ఆగేది.

భోజనాలయ్యాక, డేటన్ నుంచి వచ్చిన ఆడపడుచు కొడుకు రాండల్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అత్తా, కార్ల పందెం మొదలైపోయుంటుంది. నీ డబ్బాలో వస్తుందా?"

"అది డాక్టర్ల గొంతులకురా, పందేలకు కాదు."

"ఒక్క పది నిమిషాలు. మామయ్య ఉంటే ఈపాటికి తనే పెట్టేవాడు కాదూ?"

"మామయ్యుంటే నిన్ను ముందు అంట్లు తోమమనేవాడు," అంది గానీ, లాప్‌టాప్ తెచ్చి ట్రక్కు వెనక తలుపు వాల్చి దాని మీద పెట్టింది. ఇంటికొచ్చినవాళ్లు అడిగితే ఉన్నది లేదనడం ఆ లోయలో ఎవరూ నేర్చుకోలేదు. తలుపులకు గడియలు వేసుకోని ఊరు. ఫోను సిగ్నలుకు తాళమేమిటని దానికి రహస్య పదం కూడా పెట్టుకోలేదు. పందెం చుట్టూ మగాళ్లు మూగారు. పిల్లలు ఎవరి ఫోన్లు వాళ్లు కలిపేసుకున్నారు. ఆడవాళ్లు మనవల వీడియోలు చూపించుకున్నారు. బల్ల మీది కేకు లాగే సిగ్నలూ అందరికీ సరిపోయింది. పది నిమిషాలు సాయంత్రందాకా సాగింది.

వెళ్లేవాళ్లు వెళ్లడానికి ఎంతసేపు పట్టాలో అంతా పట్టింది. ఆ కొండల్లో 'వెళ్తాం' అని ఎవరూ అనరు. ఉండేవాళ్లు "ఈ రాత్రికి ఉండిపోండి" అనాలి. వెళ్లేవాళ్లు "వీలుకాదు, మీరే మాతో వచ్చెయ్యండి" అనాలి. ఇద్దరికీ తెలుసు, ఎవరూ ఉండరు, ఎవరూ రారు. అయినా ఆ రెండు మాటలూ అయితేగానీ బండి కదలదు. కిందటేడు బాకీకి ఆవును తోలుకుపోవడానికి వచ్చినవాడితో కూడా డెల్ఫా "ఉండిపో నాయనా" అందని చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ మాట వింటూ డెల్ఫా కూడా నవ్వింది.

మంగళవారం మిట్ట ఎక్కేసరికి పిట్ట అరుపు లేదు. లోయంతా మంచు. టవరు కనబడటం లేదు, ఎర్ర దీపం ఒక్కటే గాల్లో వేలాడుతోంది. ఎవరో డాక్టరు ఒక ముసలాయన ఊపిరితిత్తుల మీది నీడ గురించి చెబుతుండగా, అద్దం దగ్గర ఫోను గుర్రుమంది.

'ఆర్విల్ కోంబ్స్ గారూ, మీరు మీ ఫోనును వేరే యంత్రానికి జోడించి వాడుతున్నట్టు గమనించాం.'

డెల్ఫా చెవుల్లోంచి తీగలు తీసేసింది. ముందు ఫోను కేసి, తరవాత రాయి కేసి చూసింది. ఆ పేరుతో ఆయన్ను పిలిచి మాట్లాడినవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూసింది. గడ్డి, వాడిపోతున్న పూలు, అంతే.

మర్నాడు ఒక హెలికాప్టర్ మిట్ట మీదుగా కిందికి దిగి, నెమ్మదిగా పోయింది. సమాధుల మీది కాగితం పూలు ఎగిరిపోయాయి. హోబర్ట్‌తో చెబితే తేలిగ్గా తీసిపారేశాడు.

"కరెంటు తీగలు చూసుకునేవాళ్లు వదినా. ఏటా వస్తారు."

"తీగలు చూసుకునేవాళ్లకు సమాధుల మీద ఏం పని?"

"తీగ అటునుంచే కదా పోతుంది!"

"నిరుడు కూడా అటునుంచే పోయింది. అప్పుడు పూలు ఎగరలేదు."



రెండో కబురులో మర్యాద ఇంకా పెరిగింది. గారూ, దయచేసి, మీ సౌకర్యం కోసం. నెలాఖరు లోపల ఆర్విల్ కోంబ్స్ గారు స్వయంగా ఫోను చేసి మాట్లాడకపోతే, వచ్చే బిల్లునుంచి ఆయన్ను లాప్‌టాప్ రుసుము ఉన్న కొత్త ఒప్పందంలోకి తామే మార్చేస్తామన్నారు. ఆ మధ్యాహ్నం డెల్ఫా టైపు చేసిందాన్లో ఒక రోగి కుడి కాలు ఎడమ కాలైంది. ఆమెకలా ఎప్పుడూ జరగలేదు.

సాయంత్రం హోబర్ట్ వాకిట్లో కూచుంది. అతను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. తనూ ఒక గుప్పెడు తీసుకుని ఒలిచింది. ఒలుస్తూనే అంది.

"నీ గొంతు ఆయన గొంతే."

హోబర్ట్ చేతులు ఆగాయి. "వద్దు వదినా."

"ఇంకా ఏమీ అడగలేదు."

"అడగబోతున్నావు. అన్నను ఆ మిట్ట మీదికి మోసినవాణ్ణి నేను. మళ్లీ కిందికి దింపమంటున్నావు."

"రెండు మాటలు. పుట్టినరోజు అడుగుతారు, చెబుతావు. ఇకమీదట లాప్‌టాప్‌కు వాడనంటావు. నేను జాగ్రత్తగా ఉంటాను. పందేలుండవు, పిల్లలుండరు. పాపం నాది. నువ్వు గొంతొక్కటి అరువియ్యి."

"గొంతు ఇచ్చి పాపం నీ దగ్గర ఉంచుకో అంటే దేవుడు ఊరుకుంటాడా?"

"దేవుడి సంగతి తరవాత. ఆ పని పోతే నేనెక్కడ ఉంటాను హోబర్ట్? రాండల్ వాళ్ల నేలమాళిగలోనా? చచ్చాక వస్తాను సరే. నా చోటు అక్కడ చెక్కించి పెట్టారు. అందాకా ఎక్కడ?"

అతను ఒలిచిన గింజల్ని చాలాసేపు కలియబెట్టాడు. "వాళ్లూ అంతే కదా తాతతో అన్నది," అన్నాడు చివరికి, తనతో తను మాట్లాడుకున్నట్టు. "పైదంతా మీదే. కిందది మాకు." తరవాత లేచాడు. "రేపు పొద్దున వస్తాను."

వచ్చాడు. ఆదివారం వేసుకునే చొక్కా వేసుకుని వచ్చాడు. డెల్ఫాకు అది చూడగానే ఎందుకో గుబులు పుట్టింది. ట్రక్కులో ఆమె పక్కన కూచుని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. మంచు రాళ్లదాకా వచ్చి ఆగింది. అన్న పేరు కనిపిస్తోంది.

కంపెనీకి ఫోను కలిపితే, పాట చాలాసేపు మోగాక ఒక అమ్మాయి పలికింది. చల్లని గొంతు.

"నా పేరు క్రిస్టిన్. ఎవరితో మాట్లాడుతున్నానండీ?"



"ఇది... ఆర్విల్ కోంబ్స్ ఫోను," అన్నాడు హోబర్ట్. అబద్ధం కాదు.

"సంతోషం కోంబ్స్ గారూ! ఎలా ఉన్నారు ఇవాళ?"

ఆ అమ్మాయి రోజుకు ఎందరినో అడిగే మాట. ఎవరూ జవాబు చెప్పని మాట. కానీ ఆ లోయలో ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే నిజంగానే అడిగినట్టు, నిజమే చెప్పాలి. హోబర్ట్ తలొంచుకున్నాడు.

"గొంతు కొంచెం బాలేదు తల్లీ."

"అయ్యో, తొందరగా తగ్గాలి. మీ పుట్టినరోజు చెబుతారా?"

చెప్పాడు. తెలిసిందే. ఇంకేవో అంకెలు అడిగింది. డెల్ఫా అరచేతిలో రాసుకున్నవి చూపించింది. అవీ చదివాడు. అంతా సాఫీగా పోతోంది.  డెల్ఫాకు నిన్న సగంలో ఆపిన ఫైలు గుర్తొచ్చింది. మధ్యాహ్నానికి పంపేయొచ్చు అనుకుంది.

"బాగుంది కోంబ్స్ గారూ. ఇక ఒక్కటే. మన మాటలు రికార్డవుతున్నాయి. నేను చెప్పింది నాతోపాటు అనండి చాలు. 'నేను ఆర్విల్ కోంబ్స్‌ని.'"

హోబర్ట్ రాయి కేసి చూశాడు.

"కోంబ్స్ గారూ? 'నేను ఆర్విల్ కోంబ్స్‌ని.'"

"అనెయ్యి," పెదాలతోనే అంది డెల్ఫా. "అనెయ్యి, నీ పుణ్యముంటుంది."

 హోబర్ట్ చేతులు టోపీ అంచును తిప్పుతున్నాయి. ఆ నోటితోనే ఆ రాయి ముందు అన్నను మట్టికి అప్పజెప్పాడు.

"తల్లీ," అన్నాడు. "నేను ఆర్విల్ తమ్ముణ్ణి. అన్న ఇక ఈ ఫోను దేనికీ వాడడు. మూడు చలికాలాలైంది పోయి. ఇదిగో, అన్న ఎదురుగానే కూచుని మాట్లాడుతున్నాను."

 తరవాత ఆ అమ్మాయి గొంతు ఇంకా మెత్తబడింది.

"మీకు కలిగిన నష్టానికి చాలా విచారిస్తున్నామండీ. మీరేం కంగారు పడకండి. మీరిక చెయ్యాల్సింది ఏమీ లేదు. నేను చూసుకుంటాను."

దూరంగా మీటలు టకటకా కొట్టుకోవడం వినిపించింది. ఎవరో పలక మీద అక్షరాలు చెక్కుతున్నట్టు.

 హోబర్ట్ "వదినా" అన్నాడు, మళ్లీ అన్నాడు. ఆమె లాప్‌టాప్ తెరిచి ఆగిపోయిన ఫైలు పెట్టుకుంది. ఎవరో డాక్టరు, ఎవరో రోగి, రెండు వాక్యాలు. 'కుటుంబసభ్యులకు తెలియజేయగా వారు', అక్కడ గొంతు తెగిపోయింది. ఫోను తెర మీద గీతలన్నీ పోయి 'సేవ లేదు' అని ఉంది. హోబర్ట్ ట్రక్కు దిగి, నడిచే మిట్ట దిగాడు. మంచులో అతని చొక్కా తెల్లగా కాసేపు కనిపించింది.

తన పేరున కొత్తది తీసుకుంది. కొలిచి పోసింది వారం కాకుండానే అయిపోయింది. టైపు పని ఇచ్చేవాళ్లు ఒకసారి ఆగారు, రెండోసారి ఆగలేదు. డేటన్లో కేబుల్ ఉంది, నేలమాళిగలో గది ఖాళీగా ఉందని రాండల్ రాశాడు. ఆదివారాలు సంఘంలో పాట అయ్యాక అందరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని తిరిగేటప్పుడు, హోబర్ట్ దగ్గరకొచ్చేసరికి డెల్ఫా చేతిసంచిలో ఏదో వెతుక్కునేది.

వేసవి చివర్లో కంపెనీనుంచి ఉత్తరం వచ్చింది. మందమైన కాగితం. ఆర్విల్ కోంబ్స్ గారికి, మీరు మమ్మల్ని వదిలి వెళ్లినందుకు బాధపడుతున్నాం. మీరు ఎప్పుడు తిరిగి రావాలనుకున్నా మేం ఇక్కడే ఉంటాం.

డెల్ఫా దాన్ని రెండుసార్లు చదివి, పొయ్యిలో పెట్టింది. మర్నాడు ట్రక్కులో సామాను సర్దింది. పెద్దగా ఏమీ లేదు. మిట్ట మీదికి వెళ్లలేదు. వెళ్తే ఆ ఖాళీ కేసి చూడాల్సొస్తుంది. ఇంటి తలుపుకు తాళం వేసింది. ఆ తలుపుకు తాళం పట్టడం అదే మొదటిసారి. తుప్పు పట్టిన గడియ ఒక పట్టాన కదల్లేదు.

వాగు మొగ దగ్గర చెక్క వంతెన. ఎవరైనా అక్కడ బండి నెమ్మది చెయ్యాల్సిందే. హోబర్ట్ వాకిట్లో కూచునున్నాడు. ఆ ట్రక్కు చప్పుడు అతనికి పుట్టుకనుంచి తెలిసినంత తెలుసు. లేచాడు. మెట్లు దిగి కంచెదాకా వచ్చాడు. టోపీ తీశాడు. నోరు తెరుచుకోవడం డెల్ఫాకు కనబడింది. ఏమంటాడో ఆమెకు తెలుసు. తను ఏమనాలో కూడా తెలుసు. ఆ మాట నాలుక మీదికి దానంతటదే వచ్చి నిలబడింది.

వంతెన చెక్కలు ఒక్కొక్కటే టకటకమని వెనక్కి పోయాయి. ఆమె అద్దం దించలేదు. చక్రం మీదినుంచి పలకరింపుగా వేలు కూడా ఎత్తలేదు. పెద్ద రోడ్డు మలుపు తిరిగేటప్పుడు, చెట్ల మీదుగా, ఆ ఎర్ర దీపం ఒకసారి వెలిగి ఆరింది. ట్రక్కు ఆగలేదు.